అరవ కథకు రీమేకు హక్కులు కొన్నారు, కారంచేడు కథ ఎవరు తీస్తారు?



పొద్దుగూకితే మన వాడల్లో అంబేద్కర్ బొమ్మ కాడ, చర్చి అరుగు మీద జరిగే వాదన ఏంది? కూలి రేటు గురించా? కాదు. డి-ఫారం పట్టా ఇచ్చిన చెక్క ఇయ్యాల ఎవుడు దున్నుకుంటున్నాడనా? అదీ కాదు. ఏ హీరో సినిమాకు ఎన్ని కోట్లు వచ్చినయ్? అరవంలో చేసినోడు గొప్పా, దాన్ని తెలుగులో చేసినోడు గొప్పా? దీని మీద గొంతులు చించుకుంటారు. చొక్కాలు పట్టుకుంటారు. మిరపకాయ కోతలకు పోయి, చేతులు మండి, కళ్ళు మండి తల్లి తెచ్చిన కూలి డబ్బుల్లోంచి ఫ్లెక్సీ చందా పోద్ది.

సినిమా చూడొద్దని మేం అనటం లేదు. చూడండి. వాదించండి గూడా. కాకపోతే అడగాల్సిన ప్రశ్నను పక్కనబెట్టి అక్కర్లేని ప్రశ్న మీద తన్నుకుంటున్నారు. మా గొడవంతా అదే.

ఒక్క సినిమా సంగతి తీసుకుందాం. 2019 అక్టోబరులో అరవంలో 'అసురన్' వచ్చింది. వెట్రిమారన్ తీశాడు, ధనుష్ వేశాడు. పూమణి 1982లో రాసిన 'వెక్కై' నవల దానికి మూలం. కాస్త భూమి ఉన్న దళిత కుటుంబం మీద పెద్దకులపోళ్ళ కన్ను పడటం, ఆ భూమి కోసం కొడుకును చంపటం, కాళ్ళకు చెప్పులు తొడిగిందని ఒక పిల్లను అవమానించటం, గుడిసెలు తగలబెట్టటం, ఇదంతా అందులో ఉంది. గుడిసెలు కాలటం చూసినప్పుడు తమిళ దేశంలో జనానికి కీళ్వెణ్మణి గుర్తొచ్చింది. 1968 డిసెంబరు 25న, క్రిస్మస్ రాత్రి, తంజావూరు జిల్లాలో కూలి పెంచమన్న పాపానికి 44 మంది దళితుల్ని, ఆడవాళ్ళను, పసిపిల్లలను ఒకే గుడిసెలో కాల్చి చంపిన ఊరు అది.

ఆ సినిమానే తెలుగులో 'నారప్ప' పేరుతో తీశారు. శ్రీకాంత్ అడ్డాల దర్శకుడు, వెంకటేష్ హీరో. అరవంలో తీసిన నిర్మాతతో కలిసి సురేష్ ప్రొడక్షన్సు వాళ్ళు తీశారు. కథను అనంతపురం వైపు పెట్టారు. 2021 జూలై 20న ఫోన్లలోకీ టీవీల్లోకీ వచ్చింది. ఇక మొదలైంది వాదన. ధనుష్ కళ్ళతో నటించాడని ఒకడు, వెంకటేష్ ఏడిపించాడని ఇంకొకడు. సీను సీను పక్కపక్కన పెట్టి కొలిచారు.

తమ్ముళ్ళారా, ఆ కొలతల్లో ఒక కొలత మరిచిపోయారు. సురేష్ ప్రొడక్షన్సు పెట్టిన రామానాయుడు గారు పుట్టింది ఎక్కడ? కారంచేడులో. ఆ సినిమా మన చేతికొచ్చిన నాటికి మూడు రోజుల ముందే కారంచేడు ఘోరం జరిగి 36 ఏళ్ళు నిండినయ్.

కుర్రాళ్ళకు తెలియదేమో, చెబుతాం. 1985 జూలై 16న కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు కాడ గేదెల కుడితి కలిసిన మురికి నీళ్ళు చెరువులో పోస్తుంటే మనవాళ్ళు అడిగారు. అడిగినందుకు కొట్టబోయారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. తెల్లారి 17న కమ్మ భూస్వాములు మందతో పల్లె మీద పడ్డారు. చేలల్లో తరిమి తరిమి నరికారు. ఆరుగురు చనిపోయారు. ఆడబిడ్డల్ని చెరిచారు. బతికినోళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో శిబిరం పెట్టుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరం నుంచే పుట్టింది. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008లో, అంటే 23 ఏళ్ళకు వచ్చింది.

ఇక్కడ మా మాట జాగ్రత్తగా వినండి. ఫలానా ఊళ్ళో పుట్టినందుకు ఏ మనిషికీ నేరం అంటదు. ఆ సినిమా వాళ్ళ మీద మేం నేరం మోపటం లేదు. మేం అడిగేది ఒక్కటే. తంజావూరు గుడిసె మంట మన తెర మీదికి రావటానికి దారి దొరికింది. రీమేకు హక్కులు కొన్నారు, డబ్బు పెట్టారు, పెద్ద హీరో ముఖాన మసి పూసుకున్నాడు. సొంతూరి చెరువు కథకు మాత్రం దారి దొరకలేదు. దానికి హక్కులు కొనాల్సిన పని గూడా లేదే! ఎందుకు దొరకలేదు? దూరపు ఊరి కథ చూసి అందరూ కన్నీళ్ళు పెట్టుకోవచ్చు. దగ్గర ఊరి కథ తీస్తే హాల్లో కూచున్నోళ్ళలో కొందరు తలదించుకోవాలి. సినిమాలకు డబ్బు పెట్టేదీ, పంచేదీ, హాళ్ళు నడిపేదీ ఎక్కువగా ఏ కులాల వాళ్ళో మీకు మేం చెప్పాలా?

'పోనీలే, ఆ మాత్రమన్నా తీశారు, మెచ్చుకోవద్దా?' అంటారు కొందరు. మెచ్చుకుందాం. చదువును ఎవుడూ లాక్కోలేడన్న మాట ఆ సినిమాతో మన ఇళ్ళల్లోకి వచ్చింది, మంచిదే. కానీ కడుపు నిండిందనుకుంటే మోసపోతాం. రీమేకులో మాట మారిద్ది, ముఖం మారిద్ది, ఒక్కోసారి అసలు సంగతే పలచబడిద్ది. నాగరాజ్ మంజులే 2016లో మరాఠీలో 'సైరాట్' తీశాడు. కులం తప్పి ప్రేమించిన జంటను ఏం చేస్తారో నిలువునా చూపించాడు. 2018లో హిందీలో 'ధడక్' పేరుతో తీసేసరికి కులం పలచనై ప్రేమకథ మిగిలింది. కాబట్టి రీమేకు చూసినప్పుడు ఎవుడు బాగా ఏడ్చాడని గాదు, ఏది తీసేశారని అడగాలి.

తెలుగు సినిమాకు కులం పేరు పలకటం చేతగాక కాదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. పేరులోనే చెప్పాడు. అయితే అందులో గూడా ఇల్లు అంటుకున్నప్పుడు మనవాడు మంటల్లోకి దూకి బ్రాహ్మణ ఇల్లాల్ని కాపాడితేనే పెద్దాయన మనసు కరిగిద్ది. మనం మనుషులమని వాళ్ళు ఒప్పుకోవటానికి ముందు మనం ప్రాణాలకు తెగించాలన్నమాట!

మన ఒంగోలు సంగతి చూడండి. ఎర్ర సినిమా అంటే ఒంగోలే. మాదాల రంగారావు, టి. కృష్ణ ఈ గడ్డ నుంచి పోయినోళ్ళే. 'ఎర్ర మల్లెలు' 1981లో, 'నేటి భారతం' 1983లో వచ్చినయ్. కారంచేడు జరిగిన 1985లోనే 'ప్రతిఘటన' వచ్చింది. ఆ సినిమాలకు బండ్లు కట్టుకుని పోయి ఈలలు వేసినోళ్ళలో మన పెద్దోళ్ళు ఎంతోమంది. తెర మీద కూలోడు కనిపించాడు, పేదోడు కనిపించాడు. ఆ కూలోడు ఊళ్ళో ఉంటాడా, ఊరి బయట ఉంటాడా అన్నది గట్టిగా వినపడలేదు.

తెర మీద సంగతి సరే, హాల్లో సంగతో? టికెట్టు కొన్నాక అందరం ఒకటే అనుకునే తమ్ముళ్ళు చుండూరు గుర్తు పెట్టుకోండి. 1991 జూలై 4న చుండూరు సినిమా హాల్లో, చదువుకున్న మన కుర్రాడి కాలు ముందు సీట్లో కూచున్న రెడ్డి కుర్రాడికి తగిలింది. అంతే. ఊరు ఊరంతా పనులు మాన్పించి వెలివేసింది. ఆగస్టు 6న చేలల్లో వేటాడి 8 మందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ రోజు హాల్లో వాళ్ళు చూస్తున్న హీరో ఎవరైతే మనకేంది? ఇద్దరూ ఆయనకే చప్పట్లు కొట్టి ఉండొచ్చు. అభిమానం ఒకటైనంత మాత్రాన కులం ఒకటి కాలేదు.

అందుకని కార్యకర్తలకూ కుర్రాళ్ళకూ నాలుగు పనులు చెబుతున్నాం.

ఒకటి. ఏ సినిమా చూసొచ్చినా వాడలో మూడు ప్రశ్నలు వేయండి. కథలో భూమి ఎవరిది? చచ్చిపోయినోడి కులం పేరు పలికారా? మనవాణ్ణి కాపాడింది మనవాళ్ళా, పై నుంచి దిగొచ్చిన దొరా?

రెండు. ప్రతి ఏడాదీ జూలై 17న, ఆగస్టు 6న వాడ మధ్యలో తెల్లగుడ్డ కట్టి 'అసురన్', 'జై భీమ్' లాంటివి వేయండి. ఆడవాళ్ళను ముందు వరసలో కూచోబెట్టండి. సినిమా అయినాక కారంచేడు, చుండూరు చూసినోళ్ళ చేత మాట్లాడించండి.

మూడు. ఫ్లెక్సీకీ పాలాభిషేకానికీ చందా ఇయ్యమాకండి. ఆ డబ్బుతో పిల్లలకు పుస్తకాలు కొనండి, అసైన్డు భూమి కాయితాల నకళ్ళు తీయించండి. పేదలకిచ్చిన ఆ భూమిని అమ్మినా కొన్నా చెల్లదని 1977లోనే చట్టం వచ్చింది. 2023లో ఈ రాష్ట్రంలో 20 ఏళ్ళు దాటిన పట్టాలకు అమ్మకం తలుపు తెరిచారు. మన చెక్క ఏ లెక్కలో ఉందో ముందు తెలుసుకోండి.

నాలుగు. మీ చేతిలో ఫోను ఉంది, దాంట్లో కెమెరా ఉంది. మంజులే, పా. రంజిత్, మారి సెల్వరాజ్ ఎవరో తీస్తారని కూచోలేదు, వాళ్ళే కెమెరా వెనక నిలబడ్డారు. మన ముసలమ్మలు బతికుండగానే వాళ్ళ మాటలు వాళ్ళ నోటితోనే పట్టి దాచండి. 1985లో ఇరవై ఏళ్ళ పిల్లకు ఇప్పుడు అరవై నిండినయ్. ఆమె పోతే ఆ కథకు రీమేకు లేదు.

ఎవుడి నటన గొప్పదో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు మన కథ మన చేతికి రానీయండి.

జై భీమ్!