గ్యారేజీ కబుర్లు: ఎలాన్ నీళ్ళ పంపు

గత సంచికలో వెబర్ కార్బ్యురేటర్ల గురించి రాశాక చాలామంది మిత్రులు ఫోన్లు చేశారు. కార్బ్యురేటర్ల ఊసు ఎత్తినవాళ్ళు ఇద్దరే. మిగతా అందరిదీ ఒకటే ప్రశ్న: "మీ పాత కారు ఈసారైనా వుడ్‌వర్డ్‌కి వస్తుందా?"

మిషిగన్ బయట ఉన్నవాళ్ళ కోసం చిన్న పరిచయం. డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టు మూడో శనివారం పాత కార్ల తిరునాళ్ళు జరుగుతాయి. దాని పేరు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. ఫెర్న్‌డేల్ ఊళ్ళో సాకర్ మైదానానికి చందాలు పోగుచేద్దామని 1995లో మొదలుపెట్టారు. పేరు క్రూజే గానీ, బళ్ళు కదిలే తీరు మన ఊరి రథోత్సవమే. పది అడుగులు కదలడం, అయిదు నిమిషాలు ఆగడం. పైన ఆగస్టు ఎండ. పాత ఇంజనుకి ఇంతకు మించిన పరీక్ష ఉండదు.

నాది 1965 నాటి లోటస్ ఎలాన్, సిరీస్ 2. రెండు సీట్ల బ్రిటిష్ బండి, బరువు 700 కిలోలు కూడా ఉండదు. దీన్ని రూపొందించిన రాన్ హిక్‌మన్ గారే వర్క్‌మేట్ మడత బెంచీని కూడా కనిపెట్టారు. మీ గ్యారేజీలో గోడకి ఆనించి ఒకటి ఉండే ఉంటుంది, చూడండి. 1989లో వచ్చిన మాజ్దా మియాటాకి స్ఫూర్తి ఈ ఎలానే.

ఇంజను 1558 సీసీ. కింది భాగం ఫోర్డు కంపెనీది. పైన రెండు క్యామ్‌షాఫ్టుల అల్యూమినియం హెడ్ లోటస్‌ది. దాన్ని గీసిన హ్యారీ మండీ అప్పట్లో ఆటోకార్ పత్రికకి టెక్నికల్ ఎడిటర్. (పత్రికలకి రాసేవాళ్ళు పనికొచ్చే పనులు కూడా చేస్తారని మా ఆవిడకి అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాను.) మామూలు ఫోర్డు ఇంజనులో నీళ్ళ పంపు విడిగా ముందు వైపు బిగించి ఉంటుంది. కొన్ని బోల్టులు విప్పితే చేతికొస్తుంది. ఈ ఇంజనుకి మాత్రం టైమింగ్ చెయిన్‌ని మూసే ముందు కవరులోనే పంపుని ఇమిడ్చేశారు. ఆ కవరు పైన హెడ్‌కి, కింద సంపుకి మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. అంటే చిన్న బేరింగు పోయినా పద్ధతి ప్రకారం హెడ్ ఎత్తాలి, సంపు దించాలి. పంపు లోపలి సామాను ఖరీదు తక్కువే, దాన్ని చేరుకునే దారే ఖరీదు.

పిల్లలూ, పంపు లోపల ఏం జరుగుతుందో చూడాలంటే అమ్మమ్మ కవ్వంతో మజ్జిగ చిలకడం చూడండి. కవ్వం తిరుగుతుంటే మజ్జిగ మధ్యలో గుంటపడి అంచుల మీదకి ఎక్కుతుంది కదా? మీ ఇంట్లో కవ్వం లేకపోతే గాజు గ్లాసులో నీళ్ళు పోసి చెంచాతో గిరగిరా తిప్పండి. పంపులో ఉండే ఇంపెల్లరు కూడా అలాంటి కవ్వమే. మధ్యలోకి వచ్చిన నీటిని అంచుకి విసిరి ఇంజనులోకి తోస్తుంది. అక్కడ వేడెక్కిన నీళ్ళు రేడియేటరుకి వెళ్ళి చల్లబడి మళ్ళీ వస్తాయి. కవ్వం తిరిగేది ఇంజను వేగాన్ని బట్టే. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజను నెమ్మదిస్తుంది, పంపూ నెమ్మదిస్తుంది, ఎదురుగాలీ ఉండదు. వుడ్‌వర్డ్ అంటే నాకు భయం అందుకే.

ఈ పంపు ఎందుకు పోతుంది? ఎక్కువసార్లు నేరం బెల్టుది. ఒకే బెల్టు క్రాంక్ నుంచి పంపునీ డైనమోనీ తిప్పుతుంది. కీచుమని చప్పుడొస్తే మెకానిక్ దాన్ని ఇంకాస్త బిగిస్తాడు. చప్పుడు పోతుంది గానీ, ఆ లాగుడంతా పంపు బేరింగు మీద పడుతుంది. రైసు మిల్లులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు, బెల్టు మరీ బిగిస్తే ముందు పోయేది బేరింగే అని. బేరింగు అరిగితే షాఫ్టు ఊగుతుంది, షాఫ్టు ఊగితే నీటిని ఆపే సీలు పాడవుతుంది. పైగా సిరీస్ 2లో ఫ్యాను కూడా పంపు పుల్లీకే బిగించి ఉంటుంది. దాని బరువూ, అదురూ ఆ చిన్న షాఫ్టుకే.

నా కారుకి రెండేళ్ళ క్రితం ఒక షాపులో సర్వీసు చేయించాను. అక్కడ బెల్టుని వీణ తీగలా బిగించి ఇచ్చారు. రెండు నెలలు తిరగకుండానే కారు కింద నీటి మరక కనిపించింది. అల్యూమినియం హెడ్ బాగా వేడెక్కితే వంగిపోతుంది, దాంతో ఖర్చు వేలల్లోకి వెళుతుంది. అందుకని ఆ వేసవంతా కారు కదపలేదు.

ఈసారి తొందర ఎందుకంటే, మా అమ్మాయి ఆగస్టు చివర్లో కాలేజీకి వెళ్ళిపోతోంది. పదేళ్ళ వయసు నుంచీ నాకు స్పానర్లు అందించింది తనే. వుడ్‌వర్డ్ మీద ఆ రెండో సీటు తనదని ఎప్పుడో రాసేసుకుంది.

ఎలాగూ ఇంజను ముందు భాగం విప్పాలి కాబట్టి కొత్త కవరు తెప్పించాం. ఇందులో పంపు ఒక గుళికలా, కార్ట్‌రిడ్జ్‌గా ఉంటుంది. మళ్ళీ ఎప్పుడైనా బేరింగు పోతే రేడియేటరు, పుల్లీ తీసి గుళికని మార్చుకుంటే చాలు, హెడ్ జోలికి పోనక్కర్లేదు. ధర చూసి గుండె గుభేలుమంది నిజమే. కానీ రోజూ సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా ఒకటి చెబుతాను. ఎప్పటికైనా చెడిపోయే భాగాన్ని విడిగా తీయగలిగేలా పెట్టుకోవడం తెలివైన ఖర్చు.

తర్వాత ఫ్యానుని పుల్లీ మీంచి తీసేసి, రేడియేటరుకి ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాం. అక్కడే చిక్కు వచ్చింది. పాత డైనమో, ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాను కావలసిందీ సరిగ్గా అప్పుడే. సరే ఆల్టర్నేటరు పెడదామంటే, పెద్దదైతే బెల్టు ఇంకా బిగించాలి, అంటే మళ్ళీ బేరింగుకే దెబ్బ. చివరికి ఫ్యానుకీ దీపాలకీ సరిపడే చిన్నది చూసి పెట్టాం. ఈ కాలం బ్రిటిష్ కార్లు పాజిటివ్ ఎర్త్ కాబట్టి వైరింగు తిరగేయాల్సి వచ్చింది. ఆ పని మా అమ్మాయే ఒక శనివారం కూర్చుని పూర్తిచేసింది. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం కుంగాలి. ఆ కొలత కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించాం, రేపు ఇంకెవరు పట్టుకున్నా కనిపించేలా.

"అసలు పంపే ఎలక్ట్రిక్‌ది పెట్టొచ్చుగా?" అని ఒక మిత్రుడు అన్నారు. పెట్టొచ్చు, పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. మామూలు పంపు పోయేముందు చెబుతుంది. దాని కింద ఒక చిన్న చిల్లు ఉంటుంది, సీలు కారడం మొదలవగానే అందులోంచి చుక్క పడుతుంది. ఆ చిల్లుని ఎమ్-సీల్ లాంటి దానితో మూసేసినవాళ్ళని చూశాను, మూస్తే ఆ నీళ్ళు బేరింగులోకి పోతాయి. ఎలక్ట్రిక్ పంపు ఫ్యూజు పోతే చుక్క పడదు, చప్పుడూ ఉండదు.

ఇక ఇంజనులో పోసే నీళ్ళ సంగతి. కుళాయి నీళ్ళలోని ఉప్పు సీలునీ అల్యూమినియాన్నీ తినేస్తుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్, యాంటీఫ్రీజ్ సగం సగం. మిషిగన్ చలికి అది లేకపోతే నీళ్ళు గడ్డకట్టి ఇంజను బ్లాకే పగులుతుంది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోండి: యాంటీఫ్రీజ్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కొద్దిగా తాగినా పిల్లలకీ కుక్కలకీ ప్రాణం మీదకి వస్తుంది. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి, సీసాకి తాళం వేయండి. పొరపాటున ఎవరైనా తాగితే లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా పాయిజన్ హెల్ప్‌కి, 1-800-222-1222 నంబరుకి ఫోన్ చేయండి. స్పృహ తప్పితే 911.

పిల్లలూ, ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత ముట్టుకోకండి. అది ప్రెషర్ కుక్కరే. ఒత్తిడి ఒక పౌండు పెరిగితే నీరు మరిగే వేడి సుమారు 3 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుతుంది. మూత తిప్పగానే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయి.

క్రితం ఆదివారం మధ్యాహ్నం డ్రైవ్‌వేలో కారుని నిలబెట్టి నలభై నిమిషాలు ఇంజను నడిపాం. ముల్లు పైకి ఎక్కడం, ఫ్యాను తిరగడం, ముల్లు దిగడం, ఇదే వరస. మా అమ్మాయి పంపు చిల్లు కింద తెల్ల కాగితం పెట్టి పది నిమిషాలకోసారి టార్చ్‌తో చూసింది. కాగితం పొడిగానే ఉంది. డిక్కీలో ఒక బెల్టు, గాలన్ డిస్టిల్డ్ వాటర్ సర్దేశాం. మా ఆవిడ మాత్రం పులిహోర డబ్బాతో వ్యానులో వెనకాలే వస్తానంటోంది, తాడు కూడా తెస్తుందట.