హిమపాతంలో గుర్రాల సంరక్షణ: గడ్డివాము వద్ద మొదలు కావలసిన ఆలోచన

గుర్రం అనగానే తెలుగువారికి ఉలవలు స్ఫురిస్తాయి. ఆంగ్లంలో ఆ ధాన్యానికి పేరే గుర్రం మీదుగా వచ్చింది. ఉలవ ఒంటికి వేడి చేస్తుందని చలికాలంలో మన ఇళ్లలో ఉలవచారు కాచుకోవడమూ పరిపాటే. ఈ రెండు తలంపులూ కలిసి కొన్నేళ్ల క్రితం నా చేత ఒక తప్పు సలహా ఇప్పించాయి. ఈ వ్యాసానికి మూలం అదే గనుక ముందుగా దానిని చెప్పుకోవడం న్యాయం.

హిమాలయ ప్రాంతంలోని ఒక జిల్లాలో విస్తరణ విభాగంలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకనాటి ఉదయం ఫోను చేశాడు. ఆ ఏడు అక్కడ అలవాటుకు మించిన మంచు కురిసింది. "గురువుగారూ, రైతుల పొట్టి గుర్రాలు వణుకుతున్నాయి. ఏం పెట్టమని చెప్పమంటారు?" అని అడిగాడు. నేను సస్యశాస్త్రం బోధించేవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. ఆ మాట చెప్పి ఊరుకోవలసింది. "గడ్డి ఎలాగూ కొరతే గదా, ఉడికించిన ఉలవలు పెంచమను" అన్నాను. వారం తిరగకముందే ఒక ఆడగుర్రం కడుపుశూలతో నేల మీద పొర్లాడింది. పశువైద్యుడు సకాలంలో అందుకున్నాడు గనుక బ్రతికింది. దాణా ఒక్కసారిగా పెరగడం, గడ్డి తగ్గడం, గడ్డకట్టే నీటిని గుర్రం తాగకపోవడం, ఈ మూడూ కలిసి వచ్చాయని ఆయన తేల్చాడు. మొదటి రెండింటికీ కారకుణ్ణి నేనే.

అప్పటి నుంచి ఈ విషయాన్ని చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ, మంచులో గుర్రం బ్రతకడం ప్రధానంగా మన శాస్త్రానికి, అంటే గడ్డిని పండించి, కోసి, ఎండబెట్టి, దాచే శాస్త్రానికి సంబంధించిన సమస్య అని నాకు రూఢి అయింది. పశువైద్యుని వంతు దాని తరువాతనే వస్తుంది.

గుర్రానికి పొయ్యి దాని పెద్దపేగులో ఉన్నది. ఆవు, గేదె పీచును మొదటి పొట్టలో పులియబెట్టుకుంటాయి. గుర్రం ఆ పనిని అంధనాళంలోను, పెద్దపేగులోను చేస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు పీచును విచ్ఛిన్నం చేసేటప్పుడు గంటల తరబడి వేడి పుడుతుంది. గింజలలోని పిండిపదార్థం చిన్నపేగులోనే జీర్ణమై శక్తిని ఇస్తుంది గాని, అంతటి నిలకడైన వేడిని ఇవ్వదు. పిండిపదార్థం పరిమితికి మించి పెద్దపేగుకు చేరితే ఆమ్లత పెరిగి సూక్ష్మజీవుల సమతౌల్యం చెదురుతుంది. శూల, లామినైటిస్ అనే గిట్టల వాపు ఆ దారినే వస్తాయి. కనుక చలి ముంచుకొచ్చిన నాడు గుర్రానికి అదనంగా కావలసింది గడ్డి. గింజలు పెంచవలసి వస్తే రోజుల తరబడి, కొద్దికొద్దిగా పెంచాలి. ఉలవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బరువు మోసే గుర్రానికి అది మంచి మాంసకృత్తుల ఆహారం. అయితే అది కట్టె కాదు.

ఏ చలి చలి అన్నది రెండవ ప్రశ్న. ఒంటి వేడిని నిలుపుకోవడానికి పశువు అదనపు శక్తిని ఖర్చు చేయనారంభించే స్థాయిని దిగువ కీలక ఉష్ణోగ్రత అంటారు. శీతకాలపు దట్టమైన రోమం పెరిగి, పొడిగా, గాలి లేని చోట నిలిచిన పెద్ద గుర్రానికి అది సుమారు -15 డిగ్రీల సెల్సియస్. వేసవి రోమంతోనో, తడిసిన ఒంటితోనో ఉన్న గుర్రానికి అదే 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్యనున్న 20 డిగ్రీల అంతరాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. వీపు మీద మంచు కరగకుండా పేరుకొని ఉన్న గుర్రాన్ని చూసి మనం జాలిపడతాం. నిజానికి మంచు కరగలేదంటే లోపలి వేడి బయటకు పోవడం లేదన్నమాట. 2 డిగ్రీల వద్ద గాలివానలో తడిసి, రోమం ఒంటికి అతుక్కుపోయిన గుర్రం స్థితి అంతకంటె ప్రమాదకరం. రోమం పెరగడానికి ప్రధాన సంకేతం పగటి నిడివి తగ్గడం. అందుచేత దట్టమైన రోమం సిద్ధం కాకముందు వచ్చే శరత్కాలపు చలి, రోమం రాలిన తరువాత వచ్చే వసంతకాలపు చలి నడి శీతకాలపు చలికంటె ఎక్కువ నష్టం చేయగలవు. మన వాతావరణ సలహాలలో కనిష్ఠ ఉష్ణోగ్రతకు ఇచ్చే ప్రాధాన్యం తడికి, గాలికి ఇవ్వకపోవడం శాస్త్రసమ్మతం కాదని నా అభిప్రాయం.

ఈ విషయాన్ని ప్రపంచానికి అతి కఠినంగా బోధించిన దేశం మంగోలియా. అక్కడి పశుపాలకులు గుర్రం, ఆవు, ఒంటె, గొర్రె, మేకలను కలిపి ఐదు మూతుల పశుసంపద అంటారు. పశువులు మూకుమ్మడిగా చనిపోయే శీతకాలపు విపత్తుకు వారి పేరు జుద్. దానిలో రకాలున్నాయి. లోతైన మంచు గడ్డిని కప్పివేస్తే తెల్ల జుద్. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి, నేల మీద పలకలా పరచుకుంటే ఇనుప జుద్. మంచే పడక, పశువులకు తినడానికి హిమం కూడా లేక దప్పికతో పోతే నల్ల జుద్. ఒక్క విపత్తుకు ఇన్ని పేర్లు పెట్టిన జాతి దానిని ఎంత దగ్గరగా చూసి ఉండాలో ఊహించవచ్చు. మనకు వానకు ఉన్నన్ని పేర్లు వారికి చలికి ఉన్నాయి.

తెల్ల జుద్‌లో గుర్రం పాత్ర విశిష్టమైనది. అది ముందుకాలి గిట్టతో మంచును తవ్వి అడుగున ఉన్న గడ్డిని తినగలదు. గొర్రెలు, మేకలు అంత లోతు తవ్వలేవు. అందుకే గుర్రాలు తవ్విన చోటికి మిగతా పశువులను తోలే ఆచారం ఉంది. మంచు పలకగా మారితే మాత్రం గుర్రం కూడా నిస్సహాయమవుతుంది. 2009–10 శీతకాలపు జుద్‌లో ఆ దేశం సుమారు కోటి పశువులను, అంటే మొత్తం సంపదలో ఐదవ వంతుకు పైగా కోల్పోయింది. 2023–24లో మరల 70 లక్షలకు పైగా పోయాయి.

2009–10 నష్టానికి చలిని మాత్రమే నిందించడం పాక్షిక సత్యం. అంతకుముందటి వేసవిలో అక్కడ అనావృష్టి. గడ్డి పెరగలేదు. పశువులకు శరత్కాలంలో పట్టవలసిన కొవ్వు పట్టలేదు. కోసి దాచిన ఎండుగడ్డీ చాలలేదు. జనవరిలో చనిపోయిన పశువుకు మరణపత్రం జూలైలోనే వ్రాయబడింది. దీని వెనుక మరొక కథ ఉంది. 1990 వరకు సమష్టి వ్యవస్థలు, ప్రభుత్వ అత్యవసర పశుగ్రాస నిల్వలు ఉండేవి. ఆ తరువాత ఆ ఏర్పాట్లు క్షీణించాయి. అదే కాలంలో పశువుల సంఖ్య సుమారు 2.6 కోట్ల నుంచి 2023 నాటికి 6.4 కోట్లు దాటింది. కశ్మీరా ఉన్ని గిరాకీతో మేకల సంఖ్య విపరీతంగా పెరిగింది. పచ్చిక భరించగలిగే మందను మించి మందలు పెరిగినచోట ఏ శీతకాలమైనా విపత్తే. సస్యశాస్త్రం చదివినవారికి ఈ వాక్యాన్ని వివరించనక్కరలేదు.

2006 నుంచి మంగోలియాలో సూచిక ఆధారిత పశుబీమా ప్రవేశపెట్టారు. ఒక్కొక్క పశువు చావును లెక్కించక, ఆ మండలంలో ఆ జాతి పశువుల మరణ శాతం నిర్ణీత హద్దు దాటితే పరిహారం ఇస్తారు. తెలివైన ఏర్పాటే. శ్రద్ధగా పశువులను కాపాడుకున్నవాడికి కూడా డబ్బు అందుతుంది గనుక అశ్రద్ధకు ప్రోత్సాహం ఉండదు. మన విస్తరణ సదస్సులలో దీనిని ఆదర్శంగా చూపడం విన్నాను. నాకు మాత్రం సందేహమే. బీమా పశువు పోయిన తరువాత వస్తుంది. పైగా గుర్రాల మందను నాలుగేళ్లలోనైనా తిరిగి నిర్మించడం కష్టం. గుర్రం 11 నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది. ఒకే మొత్తాన్ని బీమా రాయితీకా, గడ్డి నిల్వకా అని అడిగితే నేను గడ్డి నిల్వకే మొగ్గుతాను.

నిల్వ ఎంత అన్నది కట్టుకోవలసిన లెక్క. 300 కిలోల పొట్టి గుర్రానికి, పని లేని రోజున, మధ్యరకపు ఎండుగడ్డి 5 కిలోలు కావాలి. దిగువ కీలక ఉష్ణోగ్రత కంటె ప్రతి డిగ్రీ తగ్గుదలకూ శక్తి అవసరం సుమారు 2.5 శాతం పెరుగుతుంది. -25 డిగ్రీల వద్ద 25 శాతం, అంటే మరొక కిలోంపావు. 150 రోజుల శీతకాలానికి 750 కిలోలు మూలం. చలి రోజుల అదనం, తొక్కుడులోను బూజులోను పోయే నష్టం కలుపుకొంటే గుర్రానికి ఒక టన్ను. హెక్టారుకు 5 టన్నుల ఎండుగడ్డి వస్తుందనుకుంటే, ఒక హెక్టారు ఐదు గుర్రాలను చలికాలం దాటిస్తుంది. ఈ లెక్కను నా విద్యార్థి జిల్లాలో ఎవరూ వేయలేదు. వేయమని నేనూ నేర్పలేదు.

లదాఖ్‌లో మాత్రం చదువు లేని రైతు కూడా దీనిని తన ఇంటి కప్పు మీద చూపిస్తాడు. శరత్కాలంలో అక్కడి ఊళ్లలో లూసర్న్ గడ్డిని, పచ్చిక గడ్డిని కోసి ఇళ్ల కప్పుల మీద వామువేస్తారు. అక్కడి జాంస్కారీ గుర్రం చలికి తట్టుకొంటుందని గ్రంథాలు ఆ జాతి గుణంగా చెబుతాయి. ఆ గుణానికి కప్పు మీది గడ్డికీ సగపాలు ఇవ్వాలి.

నీటి విషయం గడ్డికంటె తేలికగా తీసుకోబడుతుంది. గుర్రాలు మంచు తింటాయి, అందుచేత నీళ్లు పెట్టనక్కరలేదని కొందరు వాదిస్తారు. మంగోలియా గుర్రాలు తింటాయి, బ్రతుకుతాయి. ఆ బ్రతుకుకు ధర ఉంది. -10 డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో మంచును కరిగించి శరీర ఉష్ణోగ్రతకు తేవడానికి సుమారు 120 కిలోకేలరీలు కావాలి. రోజుకు 12 లీటర్ల నీటిని మంచు రూపంలో తీసుకుంటే దాదాపు 1,450 కిలోకేలరీలు, అంటే 700 గ్రాముల ఎండుగడ్డి శక్తి. గడ్డి కొరత ఉన్నవాడు ఆ గడ్డితో మంచును కాస్తున్నాడన్నమాట. మరొక ప్రమాదం కూడా ఉంది. పచ్చిక నుంచి ఎండుగడ్డికి మారినప్పుడు ఆహారంలో తేమ పడిపోతుంది, గడ్డకట్టే నీటిని గుర్రం తక్కువగా తాగుతుంది, పేగులో మేత బిగుసుకుపోతుంది. గోరువెచ్చని నీరు రోజుకు రెండుసార్లు, కొద్దిగా ఉప్పు, ఇంతమాత్రంతో తప్పిపోయే శూలలు ఎన్నో.

పాకల విషయంలో ఎక్కువ చెప్పను. గాలికి అడ్డు, పైన కప్పు, కింద పొడి పడక చాలు. చలి అని నాలుగు వైపులా మూసివేసిన పాకలో మూత్రపు అమ్మోనియా చేరి ఊపిరితిత్తులు చెడతాయి. ఇక పోషణను కంటితో అంచనా వేయవద్దు. దట్టమైన రోమం కింద ఎముకలు కనబడవు. చేతి తొడుగు తీసి, పక్కటెముకల మీద వేళ్లు అదిమి చూడాలి. హెన్నెకె 1983లో ప్రతిపాదించిన 1 నుంచి 9 వరకు గల శరీర స్థితి కొలమానంలో 5 లేక 6తో చలికాలంలోకి అడుగుపెట్టిన గుర్రానికి కొంత కొవ్వు అండ ఉంటుంది.

మంచు పడని తెలుగు నేలలో ఇదంతా ఎందుకని అడిగేవారున్నారు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు 3.4 లక్షలే, 2012 కంటె 45 శాతానికి పైగా తక్కువ. అంతరిస్తున్న జంతువుకు పాఠ్యాంశమా అన్నది ఆ ప్రశ్నలోని భావం. విశాఖ మన్యంలో, రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి సంతకు సరకు మోసే గుర్రాలను నేను చూశాను. లంబసింగి, చింతపల్లి ప్రాంతాలలో డిసెంబరు, జనవరి రాత్రులు గడ్డి మీద నురగమంచు కడుతుంది. అక్కడ -15 డిగ్రీలు లేవు. కాని పలుచని రోమం, పొగమంచుకు తడిసిన వీపు, కోతల తరువాత మిగిలిన నాసిరకపు గడ్డి ఉన్నాయి. పైన చెప్పిన 5 డిగ్రీల అంకె వారిదే. అదీ గాక, మన పట్టభద్రులు హిమాచల్‌లోను, లదాఖ్‌లోను ఉద్యోగాలు చేస్తున్నారు. మన పాఠాలలో పశుగ్రాస పంటల దిగుబడి ఉంది, విత్తన మోతాదు ఉంది. ఎండుగడ్డిని ఎప్పుడు కోయాలి, ఎంత తేమ వద్ద వామువేయాలి అన్నవి ఒక పేరాతో ముగుస్తాయి. పరీక్షలో ఆ ప్రశ్న అడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. ప్రశ్నపత్రాలు కూర్చినవారిలో నేనూ ఉన్నాను.

విస్తరణ శాస్త్రవేత్తలకు నా విన్నపం ఒక్కటే. హిమపాతపు హెచ్చరికతో పాటు పంపే సలహాకు ఆ రోజున విలువ తక్కువ. అప్పటికి గడ్డి లేదు, రోడ్డు లేదు. ఆ సలహా ఆగస్టులో వెళ్లాలి, గుర్రాల సంఖ్యతోను గడ్డి టన్నులతోను వెళ్లాలి. గడ్డి చాలదని తేలితే మందను తగ్గించుకోవడమో, లోయలోని పొరుగు ఊరి నుంచి కొనడమో సెప్టెంబరులో సాధ్యం. జనవరిలో సాధ్యం కాదు.

ఆ విద్యార్థి గత సెప్టెంబరులో మళ్లీ ఫోను చేశాడు. ఆ ఊళ్లో ఇంటింటా గడ్డిని కాటా వేయిస్తున్నాడట. తేమ కొలిచే పరికరం లేదు, ఎలా చూడమంటారని అడిగాడు. తేమ 15 శాతానికి దిగాలని, 20 దాటితే వాములో వేడెక్కి బూజు పడుతుందని చెప్పాను. గుప్పెడు గడ్డి తీసుకొని గట్టిగా మెలిపెట్టమన్నాను. కాడలు పెళపెళ విరిగితే వామువేయవచ్చు. వంగి, మెత్తగా చెమ్మ తగిలితే మరొక ఎండ కావాలి. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకొనే మెలిపెట్టాడు. ఇంకా వంగుతోందన్నాడు.