డబ్బా కష్టమా... బాట కష్టమా?

ఆర్మూరు సిద్ధుల గుట్ట దగ్గర ఎవరో ఓ చిన్న డబ్బా దాచారనుకోండి. అదెక్కడుందో చెప్పే అక్షాంశం, రేఖాంశం మీ ఫోన్లో ఉన్నాయి. వెతికి పట్టుకుని, అందులోని పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేయాలి. ఈ ఆట పేరు జియోకాషింగ్.

పౌరుల జీపీఎస్‌లో కావాలని ఉంచిన తేడాను 2000 మే మొదట్లో అమెరికా తొలగించింది. వెంటనే, మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఓ బకెట్ దాచి, ఆ చోటు వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆట అలా మొదలైంది.

దాచినవాళ్లే దానికి రెండు మార్కులు వేయాలి. కనిపెట్టడం ఎంత కష్టమో ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టమో మరొకటి. రెండూ ఒకటి నుంచి అయిదు దాకా, అరమార్కు తేడాతో ఉంటాయి. అంటే తొమ్మిదేసి మెట్లు... మొత్తం 81 జోడీలు! అన్నీ పూర్తిచేయాలని పంతం పట్టేవాళ్లూ ఉన్నారు.

పసుపు కొమ్మునూ మండనూ ఒకే రాశిలో పోసి ధర కట్టరు కదా, ఇదీ అంతే. చదునైన బజారులో గోడసందున గోరంత డబ్బా పెడితే దారికి ఒకటే, వెతకడానికి నాలుగు. గుట్టమీద బండరాళ్లెక్కితే ఎదురుగా కనిపించే డబ్బాకు లెక్క తిరగబడుతుంది. దారికి అయిదు వేశారంటే పడవో, తాళ్లో వెంట ఉండాలన్నమాట. వేసవిలో నడిచివెళ్లే చెరువు మధ్య దిబ్బకు వానాకాలంలో పడవ కావాలి. అందుకే కాలాన్నీ చూసుకోవాలి.

అన్నింటికన్నా బాధ్యత ఉన్నది 'ఒకటి'లోనే. దారికి ఒకటి అంటే చక్రాల కుర్చీలోనూ వెళ్లొచ్చని మాట ఇచ్చినట్టు. మనకు చిన్న మెట్టు లెక్కలోకి రాదు. కానీ ఆ అంకెను నమ్మి వచ్చిన మనిషి మెట్టు దగ్గరే ఆగి వెనుదిరగాలి. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మకైనా, చంకలో పసిబిడ్డ ఉన్న తల్లికైనా అంతే. మార్కు వేసేటప్పుడు మన కాళ్లతో కాదు, వాళ్ల కాళ్లతో నడిచి చూడాలి.

ఈ ఆదివారం పిల్లలతో ఇంట్లోనే ఆడి చూడండి. బయట దాచాలంటే మాత్రం స్థలం వాళ్ల అనుమతి తప్పనిసరి. డబ్బా దాచాక పిల్లల్నే రెండు మార్కులూ వేయమనండి. తర్వాత తాతయ్యను వెతకమనండి. మార్కులు సరైనవో కావో ఆయన నడకే చెప్పేస్తుంది!