డిస్కు పోయింది... ఫొటోలో?

అన్నవరంలో అక్కావాళ్ల కంప్యూటర్ మొరాయించింది. ఆన్ చేస్తే నల్లతెర! రత్నగిరిపై నాన్నగారు చేసుకున్న ఆఖరి వ్రతం ఫొటోలన్నీ అందులోనే. ‘ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించేద్దామండీ’ అన్నాడు రిపేరు కుర్రాడు. బావగారు సరేనన్నారు కూడా. నేనే వద్దన్నాను. కొత్త విండోస్ వెళ్లి ఫొటోలున్న చోటే కూర్చుంటే ఇక దొరకవు మరి!

ఆ డిస్కు విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం కొత్త డిస్కులోకి నకలు తీశాం. చదవలేని చోట్లను ముందు వదిలేసి, చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుందది. రాత్రంతా పట్టింది. (డిస్కు టక్‌టక్‌మంటే మాత్రం ఇదీ వద్దు. వెంటనే ఆపేసి డేటా రికవరీ నిపుణులకే ఇవ్వండి.) విండోస్‌ని ఇంకో డిస్కులో వేశాం.

ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. నాన్నగారు పీటలమీద కూర్చున్నది మాత్రం సగమే తెరుచుకుంది. కింద అంతా బూడిదరంగు. ముఖం ఉంది. అక్క దాన్నే ప్రింటు వేయించుకుంది.