గట్టి స్ప్రింగు మంచి స్ప్రింగేనా?

పట్టుచీర కొనడానికి పది దుకాణాలు తిరిగే మనం, కారుకు స్ప్రింగులు కొనవలసివస్తే మాత్రం దుకాణంవాడు చేతిలో పెట్టినవే తెచ్చుకుంటాం. చీర నచ్చకపోతే బీరువాలో పడివుంటుంది. స్ప్రింగు నచ్చకపోతే మన నడుము ఆ సంగతి రోజూ చెబుతుంది. అంచేత ఈ వారం స్ప్రింగుల గురించి ముచ్చటించుకుందాం. కారు లేనివారు కూడా చదవవచ్చు. బస్సులో వెనక సీటు దొరికినప్పుడు పనికివస్తుంది.

పద్మిని కారు తెలియని ఇల్లు మనలో తక్కువ. ఇటలీ దేశపు ఫియట్ 1100 కారే బొంబాయిలో తయారవుతూ, 1970లలో ప్రీమియర్ పద్మిని అనే పేరు పెట్టుకుంది. 2000 ప్రాంతాల దాని తయారీ ఆగిపోయింది. బొంబాయిలో టాక్సీలుగా తిరిగిన ఆఖరి పద్మినులు 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. అయినా సొంత బండిగా దాన్ని బిడ్డలా సాకుతున్నవారు ఇంకా వున్నారు. మా బావగారు వారిలో ఒకరు. ఆయనది 1984 నాటి బండి. ఆయన రిటైరయ్యారు గాని అది కాలేదు.

ఆ కారుకు ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగులు, వెనక ఇరుసు మీద కమాను కట్టలు వుంటాయి. లారీలకు వుండేవే, కాస్త చిన్నవి. బావగారి కారు వెనక భాగం కొంతకాలంగా కుంగిపోయింది. నలుగురు కూర్చుని ఒక పెట్టె పెడితే చాలు, గుంత వచ్చినప్పుడల్లా ఇరుసు వెళ్ళి పైనున్న రబ్బరు దిమ్మకు ఠప్పుమని కొట్టుకుంటుంది. మా అక్కయ్యకు అసలే నడుమునొప్పి. "ఇహ నేనా కారెక్కను. నన్ను ఆటోలో పంపించండి" అని తేల్చి చెప్పేసింది. అక్కయ్య ఎక్కని కారు ఆ ఇంట్లో ఎందుకు? బావగారు అమ్మకానికి బేరం కూడా పెట్టారు. మనసొప్పక నన్ను పిలిచారు.

"ఏమోయ్, లావుపాటి పట్టీలు వేసిన కట్టలు వున్నాయట. అవి వేయించేస్తే మన జీవితకాలం కుంగవట" అన్నారు.

"కుంగవు బావగారూ, వంగవు కూడా. మరి అక్కయ్య నడుము మాటేమిటి?" అన్నాను.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్ప్రింగు పని బరువు మోయడం ఒక్కటే అయితే కొయ్యదుంగ పెట్టినా సరిపోను. గుంతకు చక్రం పైకీ కిందికీ ఆడాలి, పైనున్న మనుషులు కదలకుండా వుండాలి. ఎంత బరువు వేస్తే అంత లెక్కగా వంగడం స్ప్రింగు ధర్మమని 1678లోనే రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. కార్లు చేసేవారు ఆ వంగుడును, బండి సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు నెమ్మదిగా ఊగేట్టు అమరుస్తారు. స్ప్రింగు గట్టిపడేకొద్దీ ఊపు తొందరవుతుంది. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే నిలువు కుదుపు కూర్చున్న మనిషిని అన్నిటికన్నా బాధపెడుతుంది. అటువైపు పోకుండా వుండడమే తెలివి.

గట్టిదనం ఎంత సులువుగా పెరుగుతుందో చూడండి. కాయిల్ స్ప్రింగు తీగె 12 మిల్లీమీటర్ల మందం వుండవలసినచోట 13 వుంటే, తక్కినవన్నీ సమానమైనా అది 38 శాతం గట్టిపడుతుంది. కమాను పట్టీల మందం 6 నుంచి 7 మిల్లీమీటర్లయితే దాదాపు 60 శాతం. కంటికి ఆనని తేడా నడుముకు ఆనుతుంది. పైగా, చక్రం గుంతలో దిగకుండా ఎగిరిపోతే బ్రేకు వేసినా నేల పట్టు చిక్కదు.

ఇంకో రహస్యం వుంది. కుంగిన కట్ట మెత్తబడిన కట్ట కాదు. ఉక్కు మెత్తదనం మారదు, దాని వంపు పోతుంది, అంతే. పట్టీ విరిగితేనో తుప్పు తినేస్తేనో మాట వేరు. కనుక వంపు తగ్గినదానికి మందం పెంచడం, చొక్కా పొట్టి అయిందని గుడ్డ దళసరి చేయించడం లాంటిది.

బావగారిని ఒప్పించి ముందు టేపు తీయించాను. చదునైన నేల మీద బండి నిలిపి, టైర్లకు సరిగ్గా గాలి పట్టించి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచుదాకా నాలుగు పక్కలా కొలిచాం. ముందు రెండు వైపులా సమానమే. వెనక కుడివైపు అంగుళంన్నర తక్కువ. మూలను అదిమి వదిలితే ఒక్క ఊపుకు నిలబడింది. అంటే షాక్ అబ్జార్బర్లు బాగానే వున్నాయి. కాయిల్ స్ప్రింగుల ఖర్చు అక్కడికక్కడే తప్పింది.

విజయవాడ ఆటోనగర్‌లో కమాను పని చేసే ఒక ముసలి మేస్త్రీ కట్ట విప్పి, పట్టీలు ఒక్కొక్కటే తుడిచి చూశాడు. ఒకదానికి నడిమి బోల్టు చిల్లు దగ్గర వెంట్రుకవాసి చీలిక. "బాబుగారూ, ఇది మార్చి, రెండు కట్టలకూ వంపు పోసిస్తాను. కొత్తవెందుకు?" అన్నాడు. గ్యాసుమంట పెడతాడేమోనని నా భయం. మంట తగిలితే ఉక్కుకు పెట్టిన పదును పోతుంది, ఆరు నెలల్లో మళ్ళీ కుంగుతుంది. అతను చల్లగానే, సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ వంపు తెచ్చాడు. అదే వెడల్పు, అదే మందం గల పట్టీ వేశాడు. బుష్‌లూ, యు బోల్టులూ కొత్తవి బిగించాడు.

గుంటూరు దాకా వెళ్ళివచ్చి, దిగేటప్పుడు అక్కయ్య ఏమీ అనలేదు. అక్కయ్య ఏమీ అనకపోవడం పెద్ద యోగ్యతాపత్రం. బేరం మానేశారు.

మీ ఇంట్లోనూ పాత బండి వుంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. కొలవనిదే కొనకండి. పాతదాని తీగె మందం, చుట్ల సంఖ్య, పట్టీల మందం, వెడల్పు రాసుకుని దుకాణానికి వెళ్ళండి. ఒక పక్కది మార్చితే రెండో పక్కదీ చూడండి. ఎత్తు తగ్గించాలని కాయిల్ స్ప్రింగు చుట్టు కోయించకండి, కోస్తే గట్టిపడుతుంది కూడాను. అన్నిటికన్నా ముఖ్యం, ముందు స్ప్రింగులు ఇంట్లో విప్పకండి. వందల కిలోల బరువుకు అణిగివున్నది ఒక్కసారి వదిలితే ఎముకలు విరుగుతాయి. తగిన బిగింపు పరికరం వున్న మేస్త్రీకే ఆ పని అప్పగించండి. పొదుపు చేసుకోవడానికి మనకు వేరే చోట్లు బోలెడున్నాయి.