థైరాయిడ్ గోలీ: ఒక్క రిపోర్టుకే మొదలు, పానం మంచిగైతే బంద్

అన్నలూ, వదినెలూ, ఇయ్యాల పత్తి ముచ్చట కాదు, గోలీల ముచ్చట.

పోయిన ఎండాకాలం మా ఇంటామె ఒకటే నీరసం అంటే గుట్టకు తోల్కపోయి రక్తపరీక్ష చేయించిన. టీఎస్‌హెచ్ 6.2 వచ్చింది, టీ4 మంచిగనే ఉంది. చూసినాయన చీటీ రాసి "ఇగ జిందగీ మొత్తం వాడాలె" అన్నడు. అయిదు నిమిషాలు పట్టలే. ఆకు పండుబారంగనే యూరియా చల్లెటోళ్లం కదా, నేనూ సరే అని గోలీలు కొన్న.

వాటిని మొదలుపెట్టకముందే మా బిడ్డ పట్టుబట్టి ఇంకో డాక్టరమ్మకు చూపించింది. టీ4 సక్కగుండి, టీఎస్‌హెచ్ 10 లోపల ఉంటే చానా మందికి తొందర అక్కర్లేదట. రెండు మూడు నెలలకు మళ్ళ పరీక్ష చేస్తే కొందరికి దానంతటదే దిగుతదట. మా ఆమెకు 3.9కి దిగింది. గర్భిణులు, పిల్లల కోసం చూసేటోళ్లు మాత్రం ఆగొద్దు, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలె.

అట్లని నా పోస్టు చదివి ఎవ్వరూ గోలీ బంద్ పెట్టకుండ్రి! మా చిన్నమ్మకు టీఎస్‌హెచ్ 10 దాటి మస్తున్నది. గోలీతోని పానం కుదుటపడ్డది. "ఇంకెందుకు" అని పత్తి ఏరే దినాలల్ల బంద్ పెట్టింది. సంక్రాంతికల్లా మొఖం ఉబ్బింది, ఎండల కూసున్నా చలి అంటది. గోలీ పనిచేసింది కాబట్టే మంచిగున్నవమ్మా అంటే వినలే.

మన ఆడోళ్లతోని అసలు తిప్పలు చాయ్. లేవంగనే చాయ్ పడాలె. ఈ గోలీనేమో పరగడుపున నీళ్ళతోని మింగి, అరగంట నుంచి గంట దాక ఏమీ తినొద్దు, తాగొద్దు. కాల్షియం, ఐరన్ గోలీలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలె, లేకుంటే ఇది పానానికి సరిగ పట్టదు. డోసు మార్చినంక ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించాలె, వారానికే కాదు.

ఇంకోటి, పక్కింటామె అట్ట చూపి కొనుడు. అట్ట మీద 25, 50, 100 అని మైక్రోగ్రాములు రాసి ఉంటయి. ఆమెది 100 అయితే మీది 25 కావచ్చు. ఎక్కువైతే గుండె దడ, బొక్కలు గుల్ల. బీబీనగర్ల ఎయిమ్స్ మనకేం దూరం కాదు, పాత రిపోర్టులు కవర్ల వెట్టుకొని పోండ్రి.

చిన్నమ్మ ఇప్పుడు బర్రె పాలు పిండబోయే ముందు గోలీ ఏసుకుంటుంది. పిండి, కేంద్రంల పోసి వచ్చేసరికి గంటైతది. అప్పుడు చాయ్.