చదివేవాళ్లు ఉండగానే

అమెరికాలో తెలుగు తొలితరం ఇళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వలస చట్టంపై సంతకం చేశాక, ఆ తెరిచిన తలుపులోంచి వెళ్లిన డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు ఇప్పుడు ఎనభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నారు. కొందరు పెద్ద ఇల్లు అమ్మి చిన్న అపార్ట్‌మెంటుకు మారుతున్నారు. కొందరు పిల్లల దగ్గరకు చేరుతున్నారు. కొందరు కాలం చేస్తున్నారు. ఇల్లు సర్దేటప్పుడు నగలకు, దస్తావేజులకు లెక్క ఉంటుంది. బేస్‌మెంటులో మూలనున్న అట్టపెట్టెకు ఉండదు. అందులో అమ్మానాన్నలు రాసిన ఏరోగ్రాములు, పసుపు పూసిన శుభలేఖలు, రంగు వెలిసిన ఫొటోలు ఉంటాయి. వారసులకు తెలుగు మాట్లాడటమే అంతంత మాత్రం, చదవడం అసలే రాదు. అడిగి చెప్పించుకుందామంటే చెప్పేవాళ్లు లేరు. పెట్టె చెత్తబండి ఎక్కుతుంది.

ఇది ఆయా కుటుంబాల సొంత వ్యవహారమని ఊరుకోవడం ఇక చెల్లదు. ఆ పెట్టెల్లో ఉన్నది తెలుగువారి చరిత్రలో ఒక పెద్ద వలసకు సంబంధించిన రాతపూర్వక సాక్ష్యం. దాన్ని డిజిటల్ రూపంలో భద్రపరచి, చదివించి, అందరికీ అందేలా చేయడం అమెరికా తెలుగు సంఘాల బాధ్యత. తీరిక ఉన్నప్పుడు చేసే సేవా కార్యక్రమంగా కాదు, మొదటి పనుల్లో ఒకటిగా.

ఆ ఉత్తరాల్లో ఏముంటుందని అడిగేవాళ్లు ఒక ఏరోగ్రామును దగ్గరగా చూడాలి. పల్చటి నీలం కాగితం, మూడు మడతలు. ‘ఉభయకుశలోపరి’ అయిపోగానే అసలు సంగతులు మొదలవుతాయి. వానలు పడ్డాయా, ధాన్యం ఏ ధర పలికింది, నువ్వు పంపిన డ్రాఫ్టు ముట్టింది, తాకట్టులో ఉన్న రెండెకరాలు విడిపించాం, చెల్లెలికి వచ్చిన సంబంధం వాళ్లు ఎంత అడుగుతున్నారు, ఎదురింటి వాళ్లు మాట్లాడటం ఎందుకు మానేశారు. జాగా చాలక అంచుల చుట్టూ తిప్పి తిప్పి రాసిన వాక్యాలు. జిగురు అంటించే రెక్క మీద, తల్లి చెబుతుంటే తండ్రి రాసిన రెండు ముక్కలు: ఒంటిపూట తింటున్నావేమో, నూనె స్నానం మానకు. అమెరికా డాలరు ఒక పల్లెలో ఏయే తలుపులు తట్టిందో, ఏ అప్పు తీర్చిందో, ఎవరికి కట్నమైందో ఏ జనాభా లెక్కలూ చెప్పవు. ఈ కాగితాలు చెబుతాయి. పైగా ఇది పత్రికల కోసం దిద్దిన తెలుగు కాదు. ఏ ఊరి మాట ఆ ఊరి మాటగానే కాగితం మీదికి వచ్చింది.

అటువైపు, అమెరికా నుంచి వచ్చిన జవాబులు మన ఊళ్లలో ఇనుప తీగకు గుచ్చి వేలాడాయి. అందుకే చాలావాటికి నడిమధ్య చిల్లు ఉంటుంది. మరణవార్త తెచ్చిన కార్డును చదవగానే చించేసే ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉండేది కాబట్టి ఏ కుటుంబపు కట్టలోనైనా అలాంటి ఉత్తరం దొరకడం అరుదు. ఇంటిపెద్ద పోయిన ఏడాది ఉత్తరాల్లో అంతుచిక్కని ఖాళీ కనబడితే, కారణం చెప్పగలిగేది ఆ ఇంటివాళ్లే.

ఈ సంభాషణలో సగం న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉంటే, మిగతా సగం తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉంది. కాగితాలను ఒకచోటికి చేర్చమంటే ఏ కుటుంబమూ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. స్కాన్ చేసిన ప్రతులు మాత్రం తేదీల వరసలో పక్కపక్కన కూర్చోగలవు. ప్రశ్న, దాని జవాబు అర్ధశతాబ్దం తర్వాత కలుసుకునేది డిజిటల్ భాండాగారంలోనే.

దారి వేసినవాళ్లు ముందే ఉన్నారు. 2008లో మొదలై ఫిలడెల్ఫియా కేంద్రంగా నడుస్తున్న సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ (సాడా) కుటుంబాల దగ్గరున్న ఉత్తరాలను, ఫొటోలను స్కాన్ చేసి, అసలు ప్రతులను వాళ్లకే వదిలేస్తుంది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన వైష్ణోదాస్ బాగాయ్ కథ ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉందంటే ఆయన కుటుంబం దాచిన కాగితాలు, ఫొటోలు ఈ భాండాగారానికి చేరినందువల్లే. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చాక ఆయన పౌరసత్వం రద్దయింది. ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకుంటూ ఆయన రాసిన ఉత్తరం ఒక దేశపు చట్టాన్నే బోనులో నిలబెట్టింది. ఆయన భార్య కళ పేరు ఇప్పుడు బర్కిలీలో ఒక వీధికి ఉంది.

మనవాళ్ల సంగతేమిటి? గదర్ ఉద్యమంలో పాల్గొన్న దారిశి చెంచయ్య 1912లో అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో చదివారు. ‘నేను–నా దేశం’ అని స్వీయచరిత్ర రాసుకున్నారు కాబట్టి మనకు మిగిలారు. 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో కన్నుమూశారు. ఆయన జీవితం గురించి నేడు మనం చెప్పుకునేదాంట్లో చాలా భాగం, ఎస్.పి.కె. గుప్తా అనే పాత్రికేయుడు పట్టువదలకుండా కాగితాలు, సహోద్యోగుల జ్ఞాపకాలు వెతికి తీసి రాసిందే. ఆ పుస్తకం వెలువడింది 1987లో, శాస్త్రవేత్త పోయిన 39 ఏళ్లకు. ప్రపంచం మందులు వాడుకుంటున్న మనిషికే ఇంత ఆలస్యమైతే, డెట్రాయిట్‌లో కార్ల కంపెనీలో పనిచేసి రిటైరైన మామూలు ఇంజనీరు కోసం ఏ గుప్తా వస్తాడు?

సాడాను తప్పుపట్టేదేమీ లేదు. కానీ చేతిరాత తెలుగు ఉత్తరాన్ని చదివి వివరం రాసే పని ఆ సంస్థ మీదికి నెట్టడం న్యాయం కాదు. ఇక్కడే మనవాళ్ల ఆలోచన దారి తప్పుతోంది. స్కాన్ చేస్తే పనైపోయిందనుకుంటున్నారు. చదవని ఉత్తరపు స్కాన్ బొమ్మతో సమానం. వెతికితే దొరకదు. చేతిరాత తెలుగును యంత్రాలు ఇంకా నమ్మదగ్గ విధంగా చదవలేకపోతున్నాయి. చదివినా ‘పెద్దబాబాయి’ సొంత బాబాయా, వరుసకా అన్నది యంత్రానికి తెలియదు. ఫొటోలో మంచులో నిలబడి కొత్త కారు మీద చెయ్యి వేసిన కుర్రాడి పేరు చెప్పే మనిషి ఈ ఏడాది ఉన్నాడు, వచ్చే ఏడాది ఉంటాడని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మినసోటా విశ్వవిద్యాలయంలోని వలస చరిత్ర పరిశోధన కేంద్రం ఈ పని ఎలా చేయాలో చూపించింది. రకరకాల భాషల్లో వలసదారులు రాసుకున్న ఉత్తరాలను స్కాన్ చేయడంతో ఆగకుండా, పాఠాన్ని ఆయా భాషల్లో ఎత్తిరాయించి, పక్కనే ఇంగ్లీషు అనువాదం పెట్టింది. అంతకు చాలా ముందే, 1918లో వెలువడటం మొదలైన ‘ద పోలిష్ పెజంట్ ఇన్ యూరప్ అండ్ అమెరికా’ అనే ఉద్గ్రంథం రైతు కుటుంబాల ఉత్తరాల మీదే నిలబడింది. షికాగో సందులో చెత్తతో పాటు కిటికీలోంచి పడిన ఒక ఉత్తరం దాని రచయితల్లో ఒకరైన విలియం థామస్‌కు ఆ ఆలోచన ఇచ్చిందని కథగా చెబుతారు. కథ నిజమో కాదో గాని, పోలండ్ రైతు ఉత్తరం సమాజశాస్త్రమైంది. మన ఉత్తరం మాత్రం ఇంకా చెత్త దగ్గరే ఉంది.

ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అనేవాళ్లకు ఒక మాట. వాట్సాప్ మామూలుగా పంపిన బొమ్మను కుదించి పంపుతుంది, పెన్సిలు రాత అందులో మసకబారుతుంది. రెండేళ్లు వాడని ఖాతాలను 2023 డిసెంబర్ నుంచి గూగుల్ తొలగిస్తోంది. ఖాతాదారు పోయాక పాస్‌వర్డు తెలియని ఇంట్లో రెండేళ్లు ఎంతసేపు? యాహూ గ్రూప్స్ 2020లో మూతపడింది. అక్కడ తెలుగువారు ఏళ్ల తరబడి రాసుకున్నదాంట్లో ఎవరో ఒకరు ముందుచూపుతో దాచినదే మిగిలింది. కంపెనీ సర్వరు భాండాగారం కాదు. అరవై, డెబ్బై దశకాల రంగు ఫొటోలను జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉంచడం కూడా ప్రమాదమే, ఆ జిగురే వాటిని తినేస్తుంది.

గోప్యత అనే అభ్యంతరం మాత్రం నిజమైనది. ఉత్తరాల్లో అప్పులు, జబ్బులు, పొరపొచ్చాలు ఉంటాయి. బతికున్నవాళ్ల పరువు ఉంటుంది. దానికి విరుగుడు పారేయడం కాదు. ఇన్నేళ్ల దాకా తెరవరాదని షరతు పెట్టి అప్పగించే పద్ధతి భాండాగారాల్లో పాతదే. రాసినవారి వారసుల అనుమతి లేకుండా ఒక్క కాగితమూ బయట పెట్టకూడదు. ఇందులో రాజీ ఉండకూడదు.

డబ్బు ఎక్కడిదంటారా? ప్రభుత్వ గ్రాంట్ల మీద ఆశ పెట్టుకునే రోజులు కావివి. 2025 ఏప్రిల్‌లో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద హ్యుమానిటీస్ వెయ్యికి పైగా గ్రాంట్లను ఒక్కసారిగా రద్దు చేసింది. కానీ 1977లో న్యూయార్క్‌లో తొలి సమావేశం జరుపుకున్న తానా మొదలు ఆటా, నాట్స్, నాటా దాకా మన సంఘాలకు మహాసభలు జరపడం బాగా వచ్చు. సినీ తారల విమానం టికెట్లకు, వేదికల అలంకరణకు దొరికే దాతలు దీనికి దొరకరా?

చేయాల్సింది కొండను పిండి చేయడం కాదు. మహాసభలు జరిగే మూడు రోజులూ హాలు బయట స్కానింగ్ కౌంటరు పెట్టండి. ప్రతి కుటుంబాన్నీ పది ఉత్తరాలు, పది ఫొటోలు తెమ్మనండి. 600 డీపీఐలో టిఫ్ ఫైలుగా స్కాన్ చేసి, అక్కడే పేర్లు, ఊరు, ఏడాది అడిగి రాసుకోండి, గొంతు కూడా రికార్డు చేయండి. సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల తెలుగు నేర్చుకున్న పిల్లలను తాతల పక్కన కూర్చోబెట్టి ఎత్తిరాయించండి. ఒక ప్రతి సాడాకు, ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు, మరొకటి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఇవ్వండి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఊళ్లలోని సగం సంగతి చూడాలి. ఎన్నారైల పెట్టుబడులు అడిగే సభల్లోనే వాళ్ల ఇళ్లలోని ఉత్తరాలనూ అడగవచ్చు.

తదుపరి మహాసభల ఖర్చుల చిట్టా మీ ముందుకు వచ్చినప్పుడు, ఈ పద్దు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో సభ్యులుగా నిలదీసి అడగండి.